బటన్ లెక్క కనబడితె బటన్ అయిపోతదా?

ఆదాయ సర్టిఫికెట్ కావాలన్నా, పోరగాండ్ల స్కాలర్‌షిప్ కావాలన్నా, పరీక్షకు హాల్ టికెట్ కావాలన్నా ఇయ్యాల ఒక్కటే మాట: "ఆన్‌లైన్‌ల పెట్టుకోండ్రి." ఆఫీసుల ముంగట లైన్లు తగ్గినయి, మంచిదే. గని ఒక సంగతి ఆలోచించుండ్రి. మండలాఫీసుకు మూడు మెట్లుండి ర్యాంపు లేకుంటె అది అందరి కండ్లకు కనబడుతది. చక్రాల కుర్చీల వచ్చిన మనిషి కింద ఆగిపోతె పోయేటోడు వచ్చేటోడు చూస్తడు, అడిగేటోడు అడుగుతడు. వెబ్ పేజీల ఉన్న మెట్టు ఎవ్వరికీ కనబడది. అక్కడ ఆగిపోయిన మనిషి తన ఇంట్లనే ఆగిపోతడు. పేజీ కట్టినోనికి ఆ ముచ్చటే తెల్వదు.

నేను వెబ్ పేజీలు కట్టే పనిల ఉన్న. ఈ కనబడని మెట్ల మీద ప్రపంచమంతా ఒప్పుకున్న నియమాలు 1999 నుంచే ఉన్నయి. ఆ మెట్లు పుట్టకుండ పేజీ కట్టే పద్ధతి ఒకటి 2003 నుంచి పేరు పెట్టుకొని ఉన్నది. రెండూ కష్టమైనవి కావు. అయినా మన సైట్లల్ల ఎందుకు కనబడయి? అసలు అవి ఏం చెప్తున్నయి? సాంకేతిక మాటలు తగ్గించుకొని, ఫోన్‌ల దరఖాస్తు పెట్టుకునే ప్రతి మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పే ప్రయత్నం చేస్త.

కోవిన్ కాడ ఏమైంది?

2021 ఎండకాలం యాదికి తెచ్చుకోండ్రి. కరోనా రెండో అల. మే 1 నుంచి 18 ఏండ్లు నిండినోళ్లందరికి టీకా అన్నరు. అయితె 18 నుంచి 44 ఏండ్లోళ్లు మొదాలు కోవిన్‌ల పేరు రాయించుకోవాలె, స్లాటు దొరకబట్టాలె, అటెన్కనే సూది. స్లాట్లు తెరుచుకునుడు, చూస్తుండంగనే అయిపోవుడు మనకు ఎరుకే. చూపున్నోళ్లకే గంత గోస అయితె చూపు లేనోళ్ల సంగతేంది?

ఆ ప్రశ్న సుప్రీంకోర్టుకు పోయింది. కరోనా మీద తనంతట తానే చేపట్టిన కేసుల 2021 మే 31న ఇచ్చిన ఉత్తర్వుల కోర్టు కోవిన్ సైటుల ఉన్న అడ్డంకులను వరుసగ రాసింది. క్యాప్చా బొమ్మ చూడలేనోళ్లకు వినే క్యాప్చా లేదు. వయసు, టీకా పేరు, పైసలా ఫ్రీనా అని ఏరుకునే ఏడు ఫిల్టర్లు అందరూ వాడేటట్టు లేవు. ఎన్ని స్లాట్లు ఉన్నయో తెలుస్తది గని ఏ టైముకు ఉన్నయో చూపులేని మనిషికి తెలిసే తొవ్వ లేదు. కీబోర్డుతోని సైటుల తిరిగే వీలు లేదు. స్లాటు పెట్టుకునేటందుకు సరిపోను టైము ఇయ్యాలె, మధ్యల బయటికి నూకొద్దు. అక్షరానికి, వెనక రంగుకు తేడా తెలిసేటట్టు ఉండాలె. ఇవీ కోర్టు రాసిన మాటలు.

ఈ జాబితాను జర నిమ్మలంగ చదవుండ్రి. ఇందుల ఒక్కటి సుత పెద్ద సైన్సు కాదు. ఫిల్టర్లకు డ్రాప్‌డౌన్ పెడితె సరిపోతదని, పట్టికల పై వరుస శీర్షికలను కింది గడులకు జోడిస్తె స్లాటు టైము తెలుస్తదని కోర్టే తొవ్వ చూపింది. డ్రాప్‌డౌన్, శీర్షికలున్న పట్టిక, కీబోర్డుతోని నొక్కే బటన్, ఇవన్నీ వెబ్‌ల 1990ల నుంచే ఉన్నయి. దేశంల పెద్ద కోర్టు కూసోని "డ్రాప్‌డౌన్ పెట్టండి" అని చెప్పవలసి వచ్చిందంటె, తప్పు ఏదో ఒక్క సైటుది కాదు. మనం పేజీలు కట్టే అలవాటుల ఉన్నది.

గోడ మీద తలుపు బొమ్మ

చూపులేనోళ్లు ఫోను, కంప్యూటర్ ఎట్ల వాడుతరు అని చాలామందికి అనుమానం. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటది. పేజీల ఉన్నదాన్ని అది గొంతుతోని చదివి వినిపిస్తది. కంప్యూటర్ల ఎన్‌వీడీఏ అనేది 2006 నుంచి పైస తీసుకోకుంట దొరుకుతున్నది. ఆండ్రాయిడ్ ఫోన్లల్ల టాక్‌బ్యాక్ ఉంటది. తెలుగు సుత చదువుతయి.

అయితె స్క్రీన్ రీడర్ మనలెక్క పేజీని బొమ్మగ చూడది. పేజీ వెనక రాసిన నిర్మాణాన్ని చదువుతది. ఇది శీర్షిక, ఇది లింకు, ఇది పేరు రాసే గడి, ఇది బటన్ అని అక్కడ రాసి ఉంటెనే చెప్తది. ఆ నిర్మాణాన్ని రాసే భాష పేరు హెచ్‌టీఎంఎల్. రంగులు, సైజులు, అలంకారం చూసుకునేది సీఎస్ఎస్. నొక్కంగనే ఏదన్నా కదలాలె, మారాలె అంటె జావాస్క్రిప్ట్. దీన్నే స్క్రిప్ట్ అంటం. 1995ల నెట్‌స్కేప్ బ్రౌజర్ కోసం బ్రెండన్ ఐక్ దీన్ని తయారు చేసిండు.

ఇప్పుడు "దరఖాస్తు పంపు" అనే బటన్ పెట్టాలె అనుకుందం. రెండు రకాలుగ పెట్టచ్చు. ఒకటి, హెచ్‌టీఎంఎల్‌ల బటన్ అనే వస్తువునే వాడుడు. గట్ల వాడితె బ్రౌజర్ మనకు మస్తు ఫ్రీగ ఇస్తది. ట్యాబ్ కీ నొక్కితె దాని కాడికి పోతది. ఎంటర్ నొక్కినా, స్పేస్ నొక్కినా పని చేస్తది. స్క్రీన్ రీడర్ "దరఖాస్తు పంపు, బటన్" అని చెప్తది. రెండోది, ఒక ఖాళీ డబ్బ గీసి, దానికి నీలం రంగు పూసి, మీద అక్షరాలు రాసి, "మౌస్‌తోని నొక్కితె ఈ పని చెయ్యి" అని స్క్రిప్ట్ తగిలించుడు.

కండ్లతోని చూస్తె రెండూ ఒక్కటే. గని రెండోదాని కాడికి ట్యాబ్ పోదు. ఎంటర్ నొక్కితె పలుకది. స్క్రీన్ రీడర్ "దరఖాస్తు పంపు" అని వట్టి అక్షరాలు చదివి ముందుకు పోతది. అది నొక్కేదని చెప్పది. గోడ మీద తలుపు బొమ్మ గీసినట్టు అన్నమాట. దూరంకెళ్లి చూస్తె తలుపే. దగ్గరికి పోయి చెయ్యి పెట్టి తడుముకునేటోనికి వట్టి గోడ.

చెయ్యి వణికే ముసలాయన, మౌస్ పట్టలేని మనిషి, చెయ్యి విరిగి పట్టీ కట్టుకున్న స్టూడెంట్, వీళ్లు సుత కీబోర్డు మీదనే ఆధారపడుతరు. కాబట్టి ఇది ఒక్క చూపులేనోళ్ల ముచ్చట అనుకోవద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంల వికలాంగులు 2.68 కోట్ల మంది. అందుల చూపుకు సంబంధించినోళ్లే 50 లక్షల పైన. ముసలితనంతోని చూపు మందగించినోళ్లు, వేళ్లు సక్కగ ఆడనోళ్లు అందరూ ఆ లెక్కల ఉండరు.

నియమాలు ఏం చెప్తయి?

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్‌లీ 1994ల వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం అనే సంస్థను పెట్టిండు. వెబ్‌కు ఉమ్మడి ప్రమాణాలు రాసేది అదే. వికలాంగులకు వెబ్ అందాలని అది రాసిన మార్గదర్శకాలను డబ్ల్యూసీఏజీ అంటరు. మొదటిది 1999 మే 5న వచ్చింది. రెండోది 2008 డిసెంబర్‌ల. దాన్నే పెంచుకుంట 2018ల 2.1, 2023 అక్టోబర్‌ల 2.2 తెచ్చిన్రు.

2008 నుంచి ఈ నియమాలన్నీ నాలుగు సూత్రాల మీద నిలబడ్డయి. ఒకటి, పేజీల ఉన్నది మనిషికి తెలువాలె. కంటితోనన్నా, చెవితోనన్నా, వేలితోనన్నా. బొమ్మ ఉంటె దానికి మాటల్ల వివరం ఉండాలె. మామూలు సైజు అక్షరానికి, వెనక రంగుకు కనీసం 4.5కు 1 తేడా ఉండాలె. రెండు, పేజీని వాడరావాలె. మౌస్ లేకున్నా కీబోర్డుతోని ప్రతి పని కావాలె. టైము అయిపోవస్తె ముందుగాల చెప్పాలె, ఒక్క నొక్కుతోని పెంచుకునేటందుకు కనీసం 20 సెకండ్లు ఇయ్యాలె. మూడు, అర్థం కావాలె. ఏ గడిల ఏం రాయాలెనో పేరుండాలె. తప్పు పడితె ఎక్కడ పడ్డదో, ఎట్ల సరిచేసుకోవాలెనో మాటల్ల చెప్పాలె. గడి చుట్టు ఎర్రగీత గీసి ఊకుంటె సరిపోదు. నాలుగు, గట్టిగ ఉండాలె. అంటె బ్రౌజర్లు, స్క్రీన్ రీడర్లు ఏవి మారినా పేజీ తన నిర్మాణాన్ని వాటికి సక్కగ చెప్పుకోగలగాలె. "నేను బటన్‌ను, నా పేరు ఇది, ఇప్పుడు నా స్థితి ఇది" అని.

ప్రతి నియమానికి ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మెట్లు పెట్టిన్రు. ఏ అంటె కనీసం. చాలా దేశాల చట్టాలు డబుల్ ఏ అడుగుతయి. మన ప్రభుత్వ సైట్లకు కేంద్రం 2009ల మొదాలు, 2023ల మూడోసారి తెచ్చిన మార్గదర్శకాలు సుత 2.1 డబుల్ ఏ మీదనే నిలబడ్డయి.

ఇక్కడ ఒక మలుపున్నది. 1999 నాటి నియమాలల్ల ఒక మాట సూటిగ ఉండె: స్క్రిప్ట్ బంద్ అయినా, ఫోన్ దాన్ని నడపలేకున్నా పేజీ పనికి రావాలె అని. 2008ల ఆ మాట తీసేసిన్రు. ఎందుకంటె అప్పటికి స్క్రీన్ రీడర్లు స్క్రిప్ట్ ఉన్న పేజీలను సుత చదువుడు నేర్చుకున్నయి. స్క్రిప్ట్ వాడుకోండ్రి, గని అది సహాయ పరికరాలతోని కలిసి పనిచెయ్యాలె అన్నరు. న్యాయమైన మార్పే. వెబ్‌ఎయిమ్ అనే సంస్థ 2012ల స్క్రీన్ రీడర్ వాడేటోళ్లను అడిగితె నూటికి 98 మంది కన్నా ఎక్కువమంది స్క్రిప్ట్ నడిచే బ్రౌజరే వాడుతున్నరని తేలింది. "చూపులేనోళ్లు స్క్రిప్ట్ బంద్ పెట్టుకుంటరు" అనేది పాత అపోహ.

అయితె మా పనిల చాలామంది ఈ మార్పును ఎట్ల అర్థం చేసుకున్నరంటె, "ఇగ స్క్రిప్ట్ లేకుంటె ఏందన్న బాధ లేదు, మొత్తం స్క్రిప్ట్‌తోనే కట్టేద్దం" అని. నియమం పోయింది కావచ్చు. ఆ నియమం పెట్టిన కారణం పోలేదు. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే.

బాయి, బొక్కెన, మోటరు

2003ల స్టీవెన్ చాంపియన్ అనే వెబ్ డిజైనర్ ఒక పద్ధతికి ప్రోగ్రెసివ్ ఎన్‌హాన్స్‌మెంట్ అని పేరు పెట్టిండు. మన మాటల్ల అంటె కిందికెళ్లి ఒక్కొక్క వరుస కట్టుకుంట పోవుడు. మొదటి వరుస వట్టి హెచ్‌టీఎంఎల్. అసలు పని దాంతోనే అయిపోవాలె. రెండో వరుస సీఎస్ఎస్, అందం కోసం. మూడో వరుస స్క్రిప్ట్, వేగం కోసం, సులువు కోసం. పై వరుస కూలినా కింది వరుస నిలబడాలె.

బాయికి మోటరు పెట్టించినం అనుకోండ్రి. బటన్ నొక్కితె నీళ్లు వస్తయి. గట్లని బాయి మీద గిలక, బొక్కెన తీసి పారేస్తమా? కరెంటు పోయిన్నాడు తాగేటందుకు నీళ్లుండాలె గద. అదే లెక్కన, బొక్కెన ఉన్నది కదా అని మోటరు వద్దనం. చేదలేని అవ్వకు మోటరే దిక్కు. స్క్రిప్ట్ సుత అంతే. మాట్లాడితె అక్షరాలు పడేటట్టు చేసుడు, రాస్తుండంగనే తప్పు చెప్పుడు, ఇవి వికలాంగులకు మస్తు ఆసరా అయితయి. కాబట్టి ఈ వాదన స్క్రిప్ట్‌కు వ్యతిరేకం కాదు. గిలక తియ్యకుంట మోటరు పెట్టుమంటున్న, గంతే.

పనిల చూపిస్త. స్కాలర్‌షిప్ ఫారం ఉన్నది. జిల్లా, మండలం, ఊరు ఎంచుకోవాలె. స్క్రిప్ట్ లేకుంట ఇది ఎట్ల నడుస్తది? జిల్లా డ్రాప్‌డౌన్, పక్కన "మండలాలు చూపు" అనే బటన్. నొక్కితె ఫారం సర్వర్‌కు పోతది, మండలాల జాబితాతోని కొత్త పేజీ వస్తది. అట్లనే ఊరు. ఆఖరికి "పంపు" నొక్కితె సర్వర్ అన్నీ చూస్తది. ఆధార్ నంబర్ల 12 అంకెలు లేకుంటె, రాసిన వివరాలు పోకుండ, అదే ఫారం తిరిగి వస్తది. పైన "ఒక తప్పున్నది" అని, ఆ గడి పక్కన "12 అంకెలు ఉండాలె" అని మాటల్ల రాసి ఉంటది. నెమ్మదే, గని పని అయితది.

ఇప్పుడు దాని మీద స్క్రిప్ట్ పెడుదం. జిల్లా ఎంచుకోంగనే పేజీ మారకుండ మండలాలు అక్కడనే వస్తయి. 11 అంకెలు రాసి ముందుకు పోతుంటెనే "ఒకటి తక్కువైంది" అని చెప్తది. ఇందాకటి బటన్ అవసరం లేదు, స్క్రిప్టే దాన్ని దాచిపెడుతది. పట్నంల ఫైబర్ నెట్ ఉన్నోనికి ఈ ఫారం చకచక నడుస్తది. స్క్రిప్ట్ దిగని తాన మొదటి ఫారం ఎట్లున్నదో గట్లనే ఉంటది. ఎవ్వరూ ఆగరు.

ఈ మూడో వరుసకు సుత నియమాలు వర్తిస్తయి, మరువద్దు. మండలాలు వచ్చినయని కండ్లున్నోనికి కనబడుతది. లేనోనికి ఎట్ల తెలుస్తది? అందుకే మారిన సంగతిని స్క్రీన్ రీడర్‌కు చెప్పే ఏర్పాటు హెచ్‌టీఎంఎల్ పక్కన ఉన్న ఏరియా అనే ప్రమాణంల ఉన్నది. దాంతోని "మండలాల జాబితా వచ్చింది" అని వినిపించచ్చు. ఇంకోటి, కీబోర్డు మీద బాణం నొక్కుకుంట జిల్లాల పేర్లు చూసుకునే మనిషికి, మొదటి పేరు మీదికి రాంగనే పేజీ ఎగిరి వేరే తాన పడితె ఆగమాగం అయితది. చెప్పకుండ అట్ల మార్చుడు సుత నియమాలకు వ్యతిరేకమే.

తిరగేసి సుత చెప్పాలె. స్క్రిప్ట్ లేని పేజీ దానంతట అదే అందరికి అందదు. ఒక్క ముక్క స్క్రిప్ట్ లేకున్నా, స్కాన్ చేసిన కాగితాన్ని బొమ్మలెక్క పెడితె స్క్రీన్ రీడర్‌కు అందుల ఒక్క అక్షరం దొరకది. కింది వరుస గట్టిగ ఉండాలంటె అందుల శీర్షికలు, గడుల పేర్లు, బొమ్మల వివరాలు సక్కగ ఉండాలె. అది ఉంటెనే దాని మీద స్క్రిప్ట్ నిలుస్తది.

స్క్రిప్ట్ ఎవరి కాడ ఆగిపోతది?

"ఈ కాలంల స్క్రిప్ట్ బంద్ పెట్టుకునేటోడు ఎవడున్నడు?" అని అడుగుతరు. ఈ ప్రశ్నకు 2013ల బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం లెక్క తీసింది. వాళ్ల సైటుకు వచ్చినోళ్లల్ల 1.1 శాతం మందికి స్క్రిప్ట్ అందలేదు. అందుల కావాలని బంద్ పెట్టుకున్నోళ్లు, బ్రౌజర్‌కే ఆ శక్తి లేనోళ్లు కలిపి 0.2 శాతమే. మిగిలిన 0.9 శాతం మంది బ్రౌజర్లు స్క్రిప్ట్ నడపగలయి, బంద్ సుత పెట్టలేదు. అయినా అందలేదు.

ఎందుకు అందది? నెట్ మధ్యల తెగుతది. బస్సుల పోతుంటె సిగ్నల్ పోతది. పేజీ వస్తది గని దాని వెనక వచ్చే స్క్రిప్ట్ ఫైలు రాదు. పాత ఫోన్‌ల పాత బ్రౌజర్ ఉంటది. ఆఫీసుల నెట్‌వర్క్ ఆ ఫైలును అడ్డుకుంటది. అన్నిటికన్నా పెద్ద తేడా ఇంకోటున్నది. హెచ్‌టీఎంఎల్‌ల తనకు తెల్వని మాట వస్తె బ్రౌజర్ దాన్ని దాటుకొని ముందుకు పోతది. స్క్రిప్ట్‌ల తనకు తెల్వని రాత ఒక్కటి తగిలితె ఆ ఫైలు మొత్తం పండుకుంటది. పేజీ అంతా స్క్రిప్ట్‌తోనే కట్టి ఉంటె ఆ మనిషికి కనబడేది తెల్లకాగితం.

అది బ్రిటన్ లెక్క, ఆ సంవత్సరపు లెక్క. గని దాని కొలత ఎంతనో చూడుండ్రి. ఒక పథకానికి లక్ష మంది దరఖాస్తు పెడుతున్నరనుకుంటె 1.1 శాతం అంటె 1,100 మంది. ఒక ఊరంత జనం. ఆఖరి తేదీ నాడు ఆ ఊరికి ఊరు బయట నిలబడితె "నూటికి ఒక్కరే గద" అని ఎవరన్నా అంటరా?

రెండు సాకులు, ఒక పైపూత

"ఒకే పని రెండుసార్లు చెయ్యాలె, ఖర్సు" అనేది మొదటి సాకు. నిజం కాదు. స్క్రిప్ట్ ఉన్నా లేకున్నా సర్వర్ కాడ వివరాలను మళ్ల చూడక తప్పదు. బ్రౌజర్ల ఉన్న తనిఖీని తెలిసినోడు చిటికెల దాటుతడు. భద్రత కోసం ఎట్లయినా చేసే పనే ఇది. దాని జవాబును మంచి పేజీగ తిరిగి పంపుడే అదనం.

"ఇప్పటి ఫ్రేమ్‌వర్కులల్ల గట్ల కుదరది" అనేది రెండో సాకు. కుదురుతది. రియాక్ట్ లాంటి వాటితోని కట్టినా పేజీని సర్వర్ల తయారుచేసి హెచ్‌టీఎంఎల్‌గ పంపే ఏర్పాట్లు ఎన్నడో వచ్చినయి. కావాలని ఎంచుకోవాలె అంతే.

ఇగ పైపూత. సైటు మూలకు చక్రాల కుర్చీ గుర్తో, అక్షరం పెద్దది చిన్నది చేసే బటన్లో పెట్టి "మా సైటు వికలాంగులకు అనుకూలం" అని రాసుకునుడు. ఇవి సుత స్క్రిప్ట్‌లే, తయారైన సైటు మీద అతికించినయి. గడికి పేరే లేకుంటె, బటన్ బటనే కాకుంటె పైన ఏది అతికిచ్చినా అది పుట్టుకరాదు. ఏ సైటునన్నా నియమాలకు సరిపోయేటట్టు చేస్తమని చెప్పుకున్న ఇసొంటి ఒక కంపెనీ మీద అమెరికాల ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025ల చర్య తీసుకొని 10 లక్షల డాలర్లు కట్టించింది. పునాది తక్కువైన తాన సున్నం కొడితె ఇల్లు నిలువది.

అడిగే హక్కున్నది

మనదేశంల ఇది దయ ముచ్చట కాదు, చట్టం ముచ్చట. 2016 వికలాంగుల హక్కుల చట్టం సమాచారం, సేవలు అందరికి అందాలని చెప్తది. దాని కింద 2017ల చేసిన నిబంధన మాత్రం వట్టి సలహాల తీరు ఉన్నదని, చట్టం కచ్చితం అంటుంటె నిబంధన "చేస్తె మంచిది" అనుడు చెల్లదని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసుల కొట్టేసింది. తప్పనిసరి నిబంధనలు చెయ్యమన్నది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు వచ్చింది. బ్యాంకు కేవైసీల కెమెరా ముంగట కండ్లు ఆర్పి చూపిస్తెనే బతికున్నట్టు నమ్మే పద్ధతి మీద యాసిడ్ దాడి బాధితులు, చూపులేని మనిషి పోయి అడిగిన కేసు అది. డిజిటల్ సేవలు అందుడు రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కుల భాగమని కోర్టు చెప్పి, 20 ఆదేశాలిచ్చింది. కండ్లు ఆర్పలేని మనిషికి ఇంకో తొవ్వ ఉండాలె అనేది బొక్కెన, మోటరు ముచ్చటే. ఒక్క తొవ్వనే పెట్టి, అదీ అందరికి రాని తొవ్వ పెడితె అది సేవ కాదు.

తెలుగు పేజీలకు ఇంకో మాట. ఈ పేజీ తెలుగుల ఉన్నదని హెచ్‌టీఎంఎల్ మొదటి వరుసలనే చెప్పాలె. గట్ల చెప్పకుంటె స్క్రీన్ రీడర్ ఏ గొంతు వాడాలెనో తెల్వక తికమక పడచ్చు. వెబ్‌ఎయిమ్ 2025ల పది లక్షల సైట్ల మొదటి పేజీలను పరీక్షిస్తె 94.8 శాతం పేజీలల్ల తప్పులు దొరికినయి. అన్నిటికన్నా ఎక్కువ కనబడ్డ ఆరు రకాల తప్పులల్ల ఈ భాష చెప్పకపోవుడు ఒకటి. మిగిలినవి మసక అక్షరాలు, వివరం లేని బొమ్మలు, పేరు లేని గడులు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు. ఆరింటికి ఆరు మొదటి రెండు వరుసల తప్పులే. స్క్రిప్ట్ దాకా పోనే లేదు.

సాంకేతిక చదువు లేకున్నా ఎవరన్నా ఒక సైటును పావుగంటల పరీక్ష చెయ్యచ్చు. మౌస్ పక్కకు పెట్టి ట్యాబ్, ఎంటర్ తోనే ఫారం ఆఖరి దాకా నింపుండ్రి. ఇప్పుడు ఏ గడిల ఉన్నరో కనబడుతున్నదా? పేజీని 200 శాతం పెద్దగ చేసి చూడుండ్రి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నయా? ఫోన్‌ల టాక్‌బ్యాక్ పెట్టి కండ్లు మూసుకొని వినుండ్రి, ప్రతి గడి తన పేరు చెప్తున్నదా? ఆఖరికి బ్రౌజర్ సెట్టింగ్‌లల్ల జావాస్క్రిప్ట్ బంద్ పెట్టి తెరవుండ్రి. ఫారం ఉన్నదా, తెల్లకాగితమా?

ఈ నాలుగు పరీక్షలు సర్కారు సైట్లు కట్టించే టెండర్లల్ల రాయాలె. బిల్లు ఇచ్చే ముందు వికలాంగులనే కూసోబెట్టి, కూలి ఇచ్చి, చేయించాలె. 2021ల కోర్టు కోవిన్ విషయంల అడిగింది సుత ఇసొంటి ఆడిటే. సంఘాలు, పత్రికలు ఈ ప్రశ్నలు అడుగుడు మొదలుపెట్టాలె. "ఆన్‌లైన్ చేసినం" అని ఏ అధికారి చెప్పినా మనం అడగవలసింది ఒక్కటే: మౌస్ లేకుంట, చూపు లేకుంట, సిగ్నల్ సగమే ఉన్నప్పుడు మీరు ఆ ఫారం నింపి చూసిన్రా సారూ?